గార్డ్ పారిపోయిందిరా!

ఒరేయ్ బావా,

ఆలస్యమైంది, తిట్టుకో. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గింది, చిన్నోడు ఏడో క్లాసుకొచ్చాడు, ఆఫీసులో ఎప్పటి గోలే. కబుర్లు అయిపోయాయి. అసలు సంగతి విను: మోంమిరాయ్‌లో నెపోలియన్ ఏరికోరిన పాత సైనికుల దళం, ఓల్డ్ గార్డ్ పారిపోయిందిరా!

నవ్వకు. ఫ్రాన్స్‌లో నెపోలియన్ చేసిన 1814 ఫిబ్రవరి యుద్ధాలన్నీ టేబుల్ మీద బొమ్మ సైనికులతో ఒక్కణ్ణే ఆడుతున్నానని చెప్పాగా. రెండు పక్షాలూ నువ్వే అయితే మజా ఏముందన్నావు. అందుకే నెపోలియన్ శత్రువు, ప్రష్యా సేనాపతి బ్లూషర్‌ని నా చేతిలో ఉంచుకోలేదు. ఆయన ఆర్డర్లు డైస్ చెబుతుంది. 1 నుంచి 4 దాకా ఏది పడినా ముందుకే. ముసలాయన్ని సైనికులు పిలిచిందే ‘ముందుకు మార్షల్’ అని!

10న షాంపోబేర్‌లో చరిత్ర తప్పలేదు. బ్లూషర్ కింద ఉన్న రష్యా జనరల్ ఒల్సూఫియెవ్ దళం తుడిచిపెట్టుకుపోయింది, ఆయనా దొరికాడు. 11న మోంమిరాయ్. ప్రష్యా జనరల్ యార్క్ ఉత్తరం నుంచి వచ్చి కలిసేలోపే నెపోలియన్ రష్యా జనరల్ సాకెన్‌ని కొట్టాలి. మార్షే ఊరు ఫ్రెంచి జనరల్ రికార్ డివిజన్ చేతిలో ఉంది. అందులో ఎక్కువమంది మేరీ లూయిజులే, కొత్తగా సైన్యంలో చేర్చిన, మహారాణి పేరు తగిలించుకున్న కుర్రాళ్లు. వీళ్లకి మీసాలు వేయలేదు బావా. సన్న బ్రష్షుతో గార్డులందరికీ మీసాలు దిద్ది, వీళ్ల మూతులు నున్నగా వదిలేశా. షాంపోబేర్‌లో ఒకడు తుపాకి పేల్చకుండా ఊరికే నిలబడ్డాట్ట. ఏంట్రా అని నెపోలియన్ మార్షల్ మార్మాంట్ అడిగితే, ఎవరైనా మందు కూరి ఇస్తే నేనూ పేలుస్తానన్నాట్ట!

దళం నిలబడుతుందా, పారిపోతుందా తేల్చే మొరాల్ టెస్ట్‌కి రెండు డైస్. గార్డ్‌కి 4 వస్తే చాలు, కుర్రాళ్లకి 7 రావాలి. పక్కవాళ్లు పారిపోవడం కంటపడితే 1 తగ్గించాలి, పారిపోయింది గార్డ్ అయితే 3. ఫార్మ్‌హౌస్ మీదికి గార్డ్‌ని తోలా. రెండూ ఒకట్లే! పులి చర్మం టోపీలన్నీ వెనక్కి తిరిగాయి... అదే, ఎలుగుబంటి చర్మం, నువ్వు దిద్దకముందే దిద్దేశా. ఇక కుర్రాళ్ల వంతు. ఒకటి 5 పడింది. రెండోది ఉప్పు డబ్బాకి తగిలి, గిరగిరా తిరిగి తిరిగి... 6! నిలబడ్డారురా! నా కేకకి మా ఆవిడ ఏం మాడిందోనని పరుగెత్తుకొచ్చింది.

రెండు సైన్యాలకీ సేనాపతిని నేనే, ఒక్కడూ నా మాట వినడు. అందుకే ఇది ఒంటరి ఆటలా అనిపించదు.

రాత్రి లైటు తీసేముందు చూస్తే మాత్రం ఏదోలా అయింది. పద్దెనిమిదేళ్ల పిల్లలురా. ఆ వయసులో మనం మోపెడ్ మీద... సర్లే, అది ఇంకో ఉత్తరం.

ఇక మిగిలింది యార్క్. 6 పడితేనే వస్తాడు. నిజంగా కూడా బురదలో ఫిరంగులు కదల్లేక, కొంతమందితో ఆలస్యంగానే వచ్చాడు. ఇప్పుడు గనక వచ్చాడంటే నా కుర్రాళ్లకి మళ్లీ టెస్ట్, ఈసారి పక్క నుంచి... ఉండు, టేబుల్ ఖాళీ చేయమంటోంది. అయ్యో, సాకెన్ నెత్తిన పప్పుగిన్నె పెట్టేసిందిరా! మిగతాది