భీమిలి దారిని ముందు కాళ్ళతో కొలవండి

సంపాదకులకు నమస్కారం.

విశాఖపట్నం, భీమునిపట్నం (భీమిలి) మధ్య తీరం గురించి మాట వచ్చినప్పుడల్లా రోడ్డు ఎన్ని వరుసలు, పక్కన హోటళ్ళు ఎన్ని అన్న దగ్గరే చర్చ ఆగిపోతోంది. ఆ 25 కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని నడిచి వెళ్ళాలనుకునేవాళ్ళూ ఉంటారన్న సంగతి ఎవరికీ పట్టినట్టు లేదు. సముద్రమే లేని హైదరాబాదువాడికి ఈ గొడవ ఎందుకని మీ పాఠకులు అడగవచ్చు. నాలుగు రోజులు సెలవొస్తే విశాఖ రైళ్ళలో బెర్తులు దొరకనిది మా ఊరివాళ్ళ వల్లే కదా, ఆ తీరం వెంట ఒక నడకదారి కావాలని అడిగే హక్కు మాకూ ఉందనుకుంటాను.

నల్లకుంటలో పొద్దున్నే కలిసి నడిచే మిత్రులం కొందరం మొన్న శీతాకాలంలో ఆ తీరం వెంట నడిచి చూశాం. చాలావరకు రిటైరైనవాళ్ళం. చూడదగ్గవి చూసి రావడం కాదు, మా వయసువాళ్ళు ఎక్కడ ఆగిపోతారో తేల్చుకోవడం మా ఉద్దేశం.

రామకృష్ణా బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి ముందు నుంచి బయలుదేరితే మొదట్లో ఇబ్బందేమీ లేదు. కైలాసగిరి దాటి రుషికొండ చేరేదాకా మంచినీళ్ళకూ, టీ కొట్టుకూ, బస్సుకూ లోటుండదు. చిక్కంతా ఆ తర్వాతే.

పటంలో ఇసుకంతా ఒకే రంగు. పాదానికి మాత్రం తేడా వెంటనే తెలుస్తుంది. పొడి ఇసుకలో మడమ దిగబడి, కాసేపటికే పిక్కలు పట్టేస్తాయి. అల తడిపి వెళ్ళిన ఇసుక గట్టిగానే ఉంటుంది కానీ సముద్రం వైపు వాలి ఉంటుంది. భీమిలి వైపు వెళ్ళేవాళ్ళకు సముద్రం కుడిచేతి పక్కన కాబట్టి కుడికాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. మోకాలి నొప్పి ఉన్న మా మిత్రుడొకరు కాసేపు అలా నడిచి, ఇక నా వల్ల కాదని రోడ్డెక్కారు. రోడ్డు మీద ఆయన అవస్థ మరో రకం. కొన్ని మలుపుల్లో వెనక నుంచి బస్సు వస్తే పక్కకు తప్పుకునేందుకు జానెడు జాగా లేదు.

ఆ గట్టి ఇసుకైనా పొద్దస్తమానం దొరకదు. పోటు వేళకు మునిగిపోతుంది. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి, వారం తిరిగేసరికి ఆటు ఉండాల్సిన వేళకు పోటు వచ్చి కూర్చుంటుంది. ఈ ఆదివారం ఏడింటికి హాయిగా నడిచిన చోట వచ్చే ఆదివారం ఏడింటికి నీళ్ళుంటాయి. ఒక్కసారి వెళ్ళి చూసొచ్చి దారి బాగుందని నివేదిక రాస్తే చెల్లదనేది ఇందుకే.

మంగమారిపేట దగ్గర ఒక పెద్దాయన వల ముందేసుకుని, కళ్ళలో చిక్కుకున్న పీతకాళ్ళను విరిచి తీసేస్తున్నారు. మేము నీటి అంచు వెంట ముందుకు పోబోతుంటే తలెత్తకుండానే, "ఇప్పుడటు దిగకండి బాబూ, రాళ్ళ దగ్గర నీళ్ళెక్కేస్తాయి, పైనుంచి పొండి" అన్నారు. పైనుంచే వెళ్ళాం. కాసేపయ్యాక వెనక్కి తిరిగి చూస్తే ఆ రాళ్ళ మొదళ్ళు కనిపించలేదు. ఆయన చెప్పిన మాట మా దారిలో ఏ బోర్డు మీదా కనబడలేదు.

మా నగరం సంగతి కూడా చెప్పాలి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిళ్ళ కోసం 2023లో 23 కిలోమీటర్ల దారి వేసి, పైన సౌరఫలకాల కప్పు కూడా పరిచారు. సంతోషమే. వీధుల్లో కాలిబాటలు మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మొదలై చెత్తకుండీ దగ్గర ముగుస్తాయి. గీసినవాళ్ళు వాటి మీద ఎన్నడూ నడవలేదని చూడగానే తెలిసిపోతుంది. భీమిలి తీరానికి ఆ గతి పట్టకూడదు.

అందుకే పైసా ఖర్చుపెట్టే ముందు ఆ దారిని నడిపించి చూడమని అడుగుతున్నాను. ఇంజనీర్లతో పాటు ఒక మత్స్యకారుడు, ఒంటరిగా నడవాలనుకునే ఒక మహిళ, మాలాంటి ముసలివాళ్ళు ఉండాలి. పోటులోనూ ఆటులోనూ నడవాలి, అటునుంచి ఇటు కూడా రావాలి. చలికాలంలో పొద్దెక్కేకొద్దీ విశాఖ నుంచి బయలుదేరినవాళ్ళకు ఎండ వీపు వైపుకు జరుగుతుంది, భీమిలి నుంచి బయలుదేరినవాళ్ళకు కంట్లో పడుతుంది. వేల్స్ తన తీరం పొడవునా సుమారు 1,400 కిలోమీటర్ల నడకదారిని 2012లో తెరిచింది. మనం అడుగుతున్నది పాతిక.

సిమెంటు పోసి దీపస్తంభాలు నాటమని మాత్రం నా కోరిక కాదు. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు చలికాలం చివర ఈ ఇసుకలోనే గుడ్లు పెడతాయి. పిల్లలు రాత్రిపూట బయటికొచ్చి వెలుగును పట్టుకుని సముద్రం వైపు పాకుతాయి, ఒడ్డున దీపాలుంటే దారి తప్పి రోడ్డెక్కుతాయి. ఎర్రమట్టి దిబ్బలదీ అదే కథ. జియోలాజికల్ సర్వే భూవారసత్వ స్థలంగా గుర్తించిన ఆ దిబ్బలను వాననీరు ఎలాగూ కోస్తోంది, దానికి మన బూట్లు కూడా తోడవ్వాలా? దారి వాటి మీదుగా కాక పక్కనుంచి పోవాలి. గెడ్డలు (వాగులు) సముద్రంలో కలిసే చోట కాలినడక వంతెన, ఇసుక నుంచి రోడ్డుకు మళ్ళే ప్రతి చోటా ఒక గుర్తు రాయి, రుషికొండ తర్వాత రెండు మూడు చోట్ల మంచినీళ్ళు చాలు. రెండు కొసల్లోనూ ఆ వారం పోటు వేళలు రాసిన పలక తప్పనిసరి. అలసిపోయినవాళ్ళు బస్సెక్కగలిగే స్టాపులూ దాని మీదే రాయవచ్చు.

భీమిలి 1861 నుంచి మున్సిపాలిటీ. డచ్చివారి సమాధులు, లైట్‌హౌస్, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, అన్నీ ఒకదానికొకటి నడిచి వెళ్ళేంత దగ్గరలో ఉన్నాయి. కారులో వచ్చినవాళ్ళు వాటి ముందు ఫోటో దిగి గంటలో వెనక్కి పోతున్నారు. నడిచి వచ్చినవాడు ఆకలి మీద వస్తాడు, అక్కడే భోంచేస్తాడు, ఓపిక లేకపోతే రాత్రికి గది కూడా తీసుకుంటాడు. ఊరికి ఎవరి వల్ల లాభమో లెక్క వేసుకోవచ్చు.

పరీక్ష నడక పెడితే మా గుంపు సొంత ఖర్చులతో వస్తుంది. బయలుదేరే వేళ మాత్రం మంగమారిపేటవాళ్ళను అడిగి పెట్టండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నల్లకుంట, హైదరాబాద్