కాలిన గాయానికి 20 నిమిషాల నీళ్లు

సంపాదకులకు,

కాలిన చోట టూత్‌పేస్టు పూయమనే చిట్కా ఇంకా వదల్లేదు. వంటింటి చిట్కాల శీర్షికల్లో, ఫోన్లలో వచ్చే వీడియోల్లో తిరుగుతూనే ఉంది. సాంబారు ఒలికిన పసివాడికి పేస్టో, పసుపో, పెన్ను సిరాయో, గుడ్డు తెల్లసొనో పూసి వార్డుకు తీసుకొస్తున్నారు. వైద్యం మొదలుపెట్టే ముందు ఆ పూతంతా కడగాలి. పచ్చి పుండు మీద ఎండిన పేస్టును వదిలిస్తుంటే బిడ్డ మళ్లీ కాలినంతగా ఏడుస్తాడు. సిరా, పసుపు రంగు పట్టి గాయం ఎంత లోతో కనిపించనివ్వవు.

పేస్టు చల్లగా అనిపించేది అందులోని మెంథాల్ వల్ల. అది వేడిని లాగదు. పొయ్యి ఆపినా గిన్నెలో పప్పు కాసేపు ఉడుకుతుంది కదా, చర్మంలోనూ అంతే, వేడి లోపలికి దిగుతూనే ఉంటుంది. దాన్ని తీసేది పారే నీళ్లే. సన్నటి ధార కింద 20 నిమిషాలు, గడియారం చూసి పట్టాలి. రెండు నిమిషాల్లో మంట తగ్గిందని ఆపేయొద్దు. వెంటనే కుదరకపోతే 3 గంటల్లోపు ఎప్పుడు పట్టినా మేలే. ఎండాకాలం మధ్యాహ్నం మేడమీది ట్యాంకు నీళ్లు కాగిపోయి ఉంటాయి. ముందు మీ చేతి మీద పోసుకుని చూడండి. వేడిగా ఉంటే బిందెలోవి చెంబుతో పోయండి. ఐసు మాత్రం వద్దు. దానివల్ల రక్తనాళాలు ముడుచుకుని, బతకాల్సిన చర్మం కూడా చచ్చిపోతుంది.

నీళ్లు పోస్తూనే గాజులు, ఉంగరాలు, మెట్టెలు తీసేయండి, వాపు వచ్చాక అవి రావు. ఒంటికి అతుక్కున్న నైలాన్ బట్టను లాగకుండా చుట్టూ కత్తిరించండి. బొబ్బలు చిదమొద్దు. ఉతికిన నూలు గుడ్డ కప్పి బయల్దేరండి; దూది పెడితే పోగులు పుండులో ఇరుక్కుంటాయి. పసిపిల్లలకు కాలిన చోటు చల్లబడాలి గానీ ఒళ్లంతా చల్లబడకూడదు, మిగతా ఒంటికి దుప్పటి చుట్టండి. యాసిడ్ పడితే 20 నిమిషాలు చాలవు, ఆసుపత్రి చేరేదాకా పోస్తూనే ఉండాలి. పొడి సున్నమైతే ముందు దులిపి, ఆ తర్వాతే నీళ్లు.

గాయం ఎంతో అంచనా వేయడానికి కాలినవారి అరచెయ్యే కొలత. వేళ్లతో కలిపి వాళ్ల అరచెయ్యి ఒంట్లో సుమారు 1 శాతం. పిల్లల్లో 10 శాతం దాటితే సెలైన్ తప్పదు. 10 కిలోల బిడ్డకు 15 శాతం కాలితే, కిలోకు, శాతానికి 3 మిల్లీలీటర్ల లెక్కన తొలి 24 గంటల్లో 450 మిల్లీలీటర్లు, మామూలుగా ఒంటికి కావాల్సినదానికి అదనంగా ఎక్కించాలి. అందులో సగం మొదటి 8 గంటల్లోనే వెళ్లాలి. ఆ 8 గంటలు లెక్కపెట్టేది కాలిన క్షణం నుంచి, ఆసుపత్రికి వచ్చినప్పటి నుంచి కాదు. అందుకే ఎన్ని గంటలకు కాలిందని మొదటే అడుగుతాం. దయచేసి గుర్తుపెట్టుకుని రండి.

ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మావయవాలు కాలితే గాయం చిన్నదైనా చూపించాలి. కరెంటు కాలిన గాయం పైకి బఠాణీ గింజంతే ఉన్నా లోపల కండ చచ్చి ఉండొచ్చు, గుండె లయ తప్పొచ్చు. మంటల్లో చిక్కినవారి గొంతు బొంగురుపోయినా, ఉమ్మిలో మసి కనిపించినా ఒక్క నిమిషం ఆగొద్దు. ఇంకో మాట: నొప్పి లేదంటే గాయం తేలికని కాదు. తెల్లగా, తోలులా గట్టిపడి, గుచ్చినా తెలియని చోట నరాల కొసలు కాలిపోయాయని అర్థం. అక్కడ తొడ నుంచి పల్చటి చర్మం తీసి అతకాల్సి వస్తుంది.

ఇంటికెళ్లాక జరిగే తప్పులు మమ్మల్ని ఎక్కువ బాధపెడుతున్నాయి. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వద్దని పథ్యం పెడతారు. పుండు నుంచి కారే రసిలో ఒంట్లోని మాంసకృత్తులే పోతుంటాయి. పెద్ద గాయం ఉన్న 50 కిలోల మనిషికి రోజుకు 75 నుంచి 100 గ్రాములు కావాలి, గుడ్డుకు వచ్చేది 6 గ్రాములే. చారన్నంతో పుండు మానదు. పప్పు, గుడ్డు, పెరుగు, చేప అన్నీ పెట్టండి.

మెడ కాలినవారికి తల కింద దిండు పెట్టకండి. హాయిగా ఉంటుంది, నిజమే. కానీ మానేటప్పుడు మచ్చ నెలల తరబడి ముడుచుకుంటూ వస్తుంది, గడ్డం ఛాతీకి అతుక్కుపోతుంది. భుజాల కింద మడత దుప్పటి వేసి మెడ వెనక్కి వాలనివ్వాలి. మోచెయ్యి, మోకాలు చాపి ఉంచాలి. కట్టు కట్టేటప్పుడు వేళ్లు దేనికది విడిగా చుట్టాలి. మానాక ఒత్తిడి బట్ట (మచ్చను నొక్కి పట్టే బిగుతు తొడుగు) రోజుకు 23 గంటలు, కొందరికి ఏడాదికి పైగా వేసుకోవాలి. ఉక్కపోతకు, దురదకు విప్పేయడం సహజం. అలా మానేసినవారికే మచ్చ తాడులా లేస్తోంది.

మీ పత్రిక వంటల పేజీలో వారానికోసారైనా, ఏ వంటకం పక్కనైనా ఒక్క చిన్న గడిలో ‘కాలితే 20 నిమిషాలు నీళ్లు, మరేదీ పూయొద్దు’ అని వేయండి. చదివేవారు ఆ వేళకు పొయ్యి దగ్గరే ఉంటారు.

— ఒక ప్రభుత్వాసుపత్రి కాలిన గాయాల వార్డు వైద్యులు, నర్సులు