లాయరుతో పాటు మందుల సంగతి కూడా అడగండి

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికాలో మనవాళ్లను ఇమిగ్రేషన్ అధికారులు పట్టుకున్నారన్న వార్త వస్తే వీసా గురించి, లాయరు గురించి మాట్లాడుకుంటాం. లోపల ఆ మనిషి నిద్రపోతున్నాడా, రోజూ వేసుకునే మందులు అందుతున్నాయా అని అడిగేవాళ్లు తక్కువ. ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యురాలిగా పనిచేసి రిటైరైన నాకు ముందు అడగాల్సింది అదే అనిపిస్తుంది.

2019 జనవరిలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అమెరికా అధికారులే నడిపిన నకిలీ కాలేజీ కేసులో 129 మంది భారతీయ విద్యార్థులను పట్టుకున్నారు. వారిలో చాలామంది తెలుగు పిల్లలు. అప్పుడు మన రాయబార కార్యాలయం 24 గంటల హెల్ప్‌లైన్ పెట్టింది, ఢిల్లీ అధికారికంగా ఆందోళన తెలిపింది. ఒక్కడే దొరికి ఏ మారుమూల ఇమిగ్రేషన్ నిర్బంధ కేంద్రంలోనో ఉన్నప్పుడు కూడా అంత కదలిక ఉండాలి.

అక్కడి నిబంధనల ప్రకారం కేంద్రానికి తెచ్చిన 12 గంటల్లోపు ఆరోగ్య పరిశీలన, 14 రోజుల్లోపు పూర్తి వైద్య పరీక్ష జరగాలి. ఆచరణ వేరు. 2017 నుంచి 2021 వరకు ఈ కేంద్రాల్లో జరిగిన 52 మరణాలను హక్కుల సంఘాలు వైద్యులతో పరిశీలింపజేస్తే, సరైన వైద్యం అంది ఉంటే 95 శాతం మరణాలను ఆపగలిగేవాళ్లేమోనని తేలింది. జార్జియాలోని స్టీవర్ట్ కేంద్రంలో 2017లో ఒకరు, 2018లో ఒకరు ఆత్మహత్య చేసుకున్నారు. ఇద్దరూ స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్లే. ఒకరిని 19 రోజులు, మరొకరిని 21 రోజులు ఒంటరి గదిలో ఉంచారు. ఆ జబ్బున్న మనిషిని అన్ని రోజులు ఒంటరిగా ఉంచడం వైద్యం కాదు, ప్రమాదంలోకి నెట్టడం.

దీనివల్ల ఇంకో నష్టం కూడా ఉంది. బాధ చెప్పుకుంటే ఒంటరి గదిలో వేస్తారని తెలిసినవాడు నోరు విప్పడు. డిప్రెషన్ అని రాస్తే కేసు దెబ్బతింటుందేమోనన్న భయం సరేసరి. రాత్రంతా ప్రయాణం చేయించి తెచ్చాక, ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ఇంగ్లీషులో ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని అడిగితే మన పిల్లాడు ‘నో’ అంటాడు. ఆ ‘నో’ని నమ్మి ఫైలు మూసేయకూడదు. తెలుగులో, కొన్ని రోజుల తర్వాత మళ్లీ అడగాలి.

2025లో ఈ కేంద్రాల్లో ఉన్నవారు 60 వేలు దాటారు. ఆ జులైలో చేసిన చట్టంలో నిర్బంధానికి 4,500 కోట్ల డాలర్లు కేటాయించారు. అంతకుముందు మార్చిలోనే, లోపలి ఫిర్యాదులను పరిశీలించే కార్యాలయాల్లో సిబ్బందిని తొలగించారు. ఇలాంటప్పుడు బయట నుంచి అడిగేవాళ్లు తప్పక ఉండాలి.

కాన్సులేట్ల గురించి దేశాలు చేసుకున్న వియన్నా ఒప్పందం ప్రకారం పట్టుబడినవారు కోరితే ఆ సంగతి కాన్సులేట్‌కు తెలపాలి. మన దేశస్థుల విషయంలో అడిగితేనే చెబుతారు. విమానం ఎక్కే ప్రతి విద్యార్థికీ ఈ మాట తెలియాలి. టెక్సాస్, లూసియానాల్లోని కేంద్రాలు మన హ్యూస్టన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తాయి. అక్కడి అధికారులు కలవడానికి వెళ్లినప్పుడు పాస్‌పోర్టు వివరాలతో పాటు మందులు, నిద్ర, ఒంటరి గది గురించి కూడా అడిగి రాసుకోవాలని విదేశాంగ శాఖ ఆదేశించాలి. రెండు రాష్ట్రాల ప్రవాస విభాగాలు తెలుగు తెలిసిన మానసిక వైద్యుల జాబితాను కాన్సులేట్లకు ఇవ్వాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఫోన్ వచ్చినప్పుడు అప్పు సంగతి, పరువు సంగతి ఎత్తకండి. తిన్నావా, పడుకున్నావా, మందులిస్తున్నారా అని అడగండి. అనుమానం వస్తే ‘చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?’ అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే లాయరుకి, కాన్సులేట్‌కి అప్పటికప్పుడు చెప్పండి. పాత ప్రిస్క్రిప్షన్లు ఉంటే పంపండి. మీకే టెన్షన్ తట్టుకోలేనంతగా ఉంటే మన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

ఇట్లు,
రిటైర్డ్ ప్రభుత్వ వైద్యురాలు,
గుంటూరు