గర్భసంచి ఆపరేషన్‌లో అండాశయాల మాట విడిగా చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

గర్భసంచి ఆపరేషన్ల గురించి పత్రికల్లో వార్త వచ్చినప్పుడల్లా ఎంతమందికి తీశారు, అవసరం ఉండి తీశారా లేక డబ్బు కోసమా అన్న చర్చ జరుగుతుంది. జరగవలసిందే. కానీ గర్భసంచితోపాటు అండాశయాలను కూడా తీసేశారా, లేక ఉంచారా అన్న ప్రశ్న ఆ చర్చలో అరుదుగా వినిపిస్తుంది. హైదరాబాదులో చాలాకాలం జీవశాస్త్రం బోధించిన ఉపాధ్యాయురాలిగా, ఈ ప్రశ్న మొదటిదానికి ఏమాత్రం తీసిపోదని నా నమ్మకం.

రక్తం గర్భసంచి నుంచి వస్తుంది కనుక నెలసరి అంతా దాని పనే అని మన ఇళ్లలో అనుకుంటారు. నిజానికి ఆ చక్రాన్ని నడిపేవి గర్భసంచికి ఇరువైపులా బాదంగింజంత పరిమాణంలో ఉండే రెండు అండాశయాలు. మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి నుంచి వచ్చే ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోను ప్రభావంతో అండాశయంలో కొన్ని పుటికలు, అంటే అండం ఉండే చిన్న సంచులు, పెరగడం మొదలుపెడతాయి. సాధారణంగా వాటిలో ఒక్కటే పూర్తిగా పక్వమవుతుంది. అది ఎదిగేకొద్దీ ఈస్ట్రోజెన్ అనే హార్మోనును ఎక్కువగా స్రవిస్తుంది, దానివల్ల గర్భాశయం లోపలి పొర మందమవుతుంది. ఈస్ట్రోజెన్ తగిన స్థాయికి చేరి నిలిచినప్పుడు పీయూష గ్రంథి ఎల్‌హెచ్ అనే మరో హార్మోనును ఒక్కసారిగా పెద్ద మొత్తంలో విడుదల చేస్తుంది. ఆపైన సుమారు ఒకటిన్నర రోజులో అండం బయటకు వస్తుంది. అండాన్ని వదిలిన పుటిక కార్పస్ ల్యూటియంగా మారి, ప్రొజెస్టెరాన్ అనే హార్మోనును తయారుచేసి ఆ పొరను నిలబెడుతుంది. గర్భం రాకపోతే దాదాపు రెండు వారాల్లో అది క్షీణిస్తుంది, హార్మోన్లు పడిపోతాయి, పొర ఊడి నెలసరి వస్తుంది.

ఈ చివరి రెండు వారాలు ఇంచుమించు స్థిరంగా ఉంటాయి. మారేది పుటిక పక్వం కావడానికి పట్టే మొదటి సగమే. అందుకే 14వ రోజున అండం విడుదలవుతుందన్న మాట 28 రోజుల చక్రానికే సరిపోతుంది. 35 రోజులకు నెలసరి వచ్చే స్త్రీలో అది 21వ రోజు ప్రాంతంలో జరుగుతుంది, అందులో ఏ లోపమూ లేదు. రజస్వల అయిన మొదటి రెండు మూడేళ్లు ప్రతి నెలా అండం విడుదల కాకపోవచ్చు కాబట్టి తేదీలు తప్పుతుంటాయి. తల్లులు దీనికి కంగారుపడనక్కరలేదు.

నలభై దాటిన తర్వాత కూడా అండం విడుదల తరచుగా తప్పుతుంది. అప్పుడు ప్రొజెస్టెరాన్ తయారు కాదు. ఈస్ట్రోజెన్ ఒక్కదాని ప్రభావంతో పెరుగుతూపోయిన పొర ఒక పద్ధతి లేకుండా, ఒక్కోసారి విపరీతమైన రక్తస్రావంతో ఊడుతుంది. థైరాయిడ్ సమస్యలోనూ, హార్మోన్ల తేడాతో అండం విడుదల సరిగా జరగని పీసీఓఎస్‌లోనూ నెలసరి క్రమం తప్పుతుంది. ఇటువంటివి చాలావరకు మందులతో, హార్మోన్ చికిత్సతో అదుపులోకి వస్తాయి. అయినా నింద మాత్రం గర్భసంచి మీద పడుతుంది. పిల్లలు పుట్టాక దానితో పనేముంది, ఉంచితే క్యాన్సర్ వస్తుందేమో అన్న భయం దానికి తోడవుతుంది.

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతానికి కాస్త పైన ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం ఉన్నారు. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

గర్భసంచి మాత్రమే తీసి అండాశయాలను ఉంచితే రక్తస్రావం ఆగుతుంది గాని వాటి పని సాగుతూనే ఉంటుంది. మెనోపాజ్, అంటే అండాశయాల పని ఆగిపోయే దశ, కొంత ముందుగా రావచ్చు, అంతే. రెండు అండాశయాలనూ కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ రోజుల వ్యవధిలో పడిపోతుంది. మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకు నెమ్మదిగా రావలసిన మెనోపాజ్ 35 ఏళ్ల స్త్రీకి ఒక్కసారిగా వచ్చిపడుతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి పైకి కనిపించే బాధలు. ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు ముప్పు పెరగడం పైకి కనిపించవు. ఏళ్ల తర్వాత తుంటి ఎముక విరిగినప్పుడు దాన్ని ఆనాటి ఆపరేషన్‌తో ముడిపెట్టి చూసేవారు ఉండరు. అండాశయంలోనే క్యాన్సర్ ఉంటేనో, వంశపారంపర్యంగా ఆ ముప్పు ఎక్కువని తేలితేనో తీయడం న్యాయమే. ఎలాగూ కడుపు కోశాం కదా అని ఆరోగ్యంగా ఉన్నవాటిని తీయడం న్యాయం కాదు. 

ఆపరేషన్ అయిన స్త్రీలను ఏం తీశారమ్మా అని అడిగితే, “అంతా తీసేశారు” అన్న జవాబే నేను ఎక్కువగా విన్నాను. తన శరీరంలో అండాశయాలు ఉన్నాయో లేవో ఆమెకే తెలియకపోతే, ఎముకల పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలో, హార్మోన్ చికిత్స గురించి డాక్టరును అడగాలో వద్దో ఆమెకు ఎలా తెలుస్తుంది?

కాబట్టి వైద్య ఆరోగ్య శాఖకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. గర్భసంచి ఆపరేషన్ అంగీకార పత్రం రోగి చదవగలిగే భాషలో, మన నగరంలో తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి. అండాశయాలను తీస్తారా, తీస్తే ఎందుకు అన్నది అందులో వేరే వరుసగా రాసి, దానికి వేరుగా సంతకం తీసుకోవాలి. చదవడం రానివారికి చదివి వినిపించాలి. డిశ్చార్జి కాగితంలో ఏం తీశారో, ఏం ఉంచారో స్పష్టంగా రాయాలి. తెలంగాణ ప్రభుత్వం మహిళల కోసం 2023 మార్చి 8న మొదలుపెట్టిన ఆరోగ్య మహిళ కేంద్రాల సేవల్లో నెలసరి, మెనోపాజ్ సమస్యలు ఉన్నవే. ఆపరేషన్ చేయించుకోమని సలహా పొందిన స్త్రీకి అక్కడ రెండో అభిప్రాయం ఉచితంగా దొరికే ఏర్పాటు చేయాలి. చిన్న వయసులోనే రెండు అండాశయాలూ పోగొట్టుకున్నవారిని ఆశా కార్యకర్తల ద్వారా గుర్తించి, ఎముకల, గుండె పరీక్షలకు పంపించే పని కూడా ఆ కేంద్రాలకే అప్పగించాలి.

భవదీయురాలు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
తార్నాక, హైదరాబాద్