మంత్రిగారూ, ఇది మా నాలుగో అర్జీ

గౌరవనీయులైన పర్యాటక శాఖ మంత్రిగారికి,

నమస్కారం. మా నల్లగొండ జిల్లా దేవరకొండ ఖిల్లా దారి గురించి మూడు అర్జీలు ఇచ్చాం. మూడు రసీదులూ మా బీరువాలో భద్రంగా ఉన్నాయి. నాలుగోది కూడా అందులోకే పోకూడదని ఇలా నలుగురిలో పెడుతున్నాను.

సంక్రాంతి సెలవుల్లో మా బడి పిల్లల్ని విశాఖపట్నం తీసుకుపోయాను. కైలాసగిరికి రోప్‌వేలో ఎక్కారు. రుషికొండలో లైఫ్ జాకెట్లు తొడుక్కుని కయాక్ నడిపారు. యారాడ ఘాట్ రోడ్డు మలుపుల్లో సముద్రం కనబడ్డప్పుడల్లా బస్సంతా కేకలే. తిరిగొచ్చేటప్పుడు ఏడో తరగతి పోరడు అడిగాడు: "సార్, వాళ్లకు సముద్రం ఉంది, సరే. గుట్టలైతే మనకూ ఉన్నయి గద?"

మేం సముద్రం తెమ్మనడం లేదు సార్. (ఎన్నికలప్పుడు అడిగుంటే అదీ ఇస్తామనేవారేమో.) కానీ గుట్ట విషయంలో వాడన్నది నిజం. అక్కడి కొండలు చాలావరకు ఖొండలైటు, ఎండకూ వానకూ మెత్తబడి రాలే ఎర్రరాయి. మనది గ్రానైటు, పట్టుకుంటే వదలదు. మన గురుకుల బడి పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారంటే, మొదట చేతులు గీసుకుపోయింది మన భువనగిరి బండ మీదే. పూర్ణకప్పటికి 14 ఏళ్లు కూడా నిండలేదు.

ఇక మా ఖిల్లా. రేచర్ల పద్మనాయకులు ఏడు గుట్టల్ని చుట్టి గోడ కట్టారు. ఆ గోడ ఎక్కడుందో చూడాలంటే ముందు కొడవలి కావాలి. వానలు పడితే చాలు, దారంతా సర్కారు తుమ్మ. పేరులోనైనా సర్కారు మా గుట్ట ఎక్కిందని సంతోషించాలి కాబోలు! ప్రతి ఏటా మేమే నరుకుతాం, ప్రతి ఏటా అది రెట్టింపు మొలుస్తుంది. సీతాఫలాల కాలంలో గంపలు మోసే ఆడవాళ్లు నడిచిన జాడే మాకు దారి. బోర్డు లేదు, పట్టుకోవడానికి కమ్మీ లేదు, తాగడానికి చుక్క నీళ్లు లేవు. 20 లీటర్ల డబ్బా మార్చి మార్చి భుజాన మోస్తాం. పోయిన వానాకాలం నాచుపట్టిన మెట్టు మీద ఒక పిల్ల జారి మోకాలు చీరుకుంది. నా తువ్వాల కట్టి, ఇద్దరం చేతులు కలిపి పల్లకీలా పట్టుకుని కిందికి దించేసరికి గంటన్నర. వాళ్లమ్మ నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

ఈ సంగతి కూడా రెండో అర్జీలో రాశాం సార్. ఒక ఆఫీసులో "కోట మాది కాదు" అన్నారు. ఇంకో ఆఫీసులో "గుట్ట మాది కాదు" అన్నారు. మరి తుమ్మ ఎవరిదో మేం అడగలేదు.

రోప్‌వే వద్దు. ముళ్లు లేని దారి, ఒక నీళ్ల ట్యాంకు, జారే చోట కమ్మీలు చాలు. భువనగిరిలో బండలెక్కడం నేర్పేవాళ్లను ఏడాదికి ఒక్క వారం మా పిల్లల దగ్గరికి పంపితే మీ పేరు చెప్పుకుంటాం. దారి మాత్రం ఈ వానలకు ముందే కావాలి. మళ్లీ చెబుతున్నాను, దారి.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి ఎక్కుతున్నాం. మీరొస్తే కొడవలి మేమే ఇస్తాం.

ఇట్లు,
ఆదివారం ఖిల్లా ఎక్కే పిల్లల తరఫున
వాళ్ల పీఈటీ సారు, దేవరకొండ