భీమిలి పాత ఇళ్లను కూల్చేముందు ఒక్కసారి చూడండి: జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

భీమిలిలో మా ముత్తాత కట్టించిన మండువా ఇంటికి ‘శిథిల భవనం’ అని నోటీసు అంటించారు. లోపలికి వచ్చి చూసినవాళ్లు లేరు. టేకు దూలాలు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. 2014లో హుద్‌హుద్ తుఫానుకు బంగాళా పెంకులు లేచిపోయాయి గానీ గోడ ఒక్కటీ కదల్లేదు.

పాడైంది సిమెంటు పూసిన వీధి గోడ ఒక్కటే. గానుగ సున్నంతో కట్టిన గోడ సముద్రపు తేమను పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే తేమ లోపలే ఉండిపోతుంది, ఉప్పు పేరుకుని ఇటుక పొడిపొడిగా రాలుతుంది. ఆ పూత తీసి సున్నం వేస్తే గోడ నిలుస్తుంది, కూల్చాల్సిన పనే లేదు.

1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరండీ మాది. ఇక్కడి డచ్చివాళ్ల సమాధులు చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఊళ్లో బతికినవాళ్ల ఇళ్లు కూడా చరిత్రే కదా!

సున్నం పని తెలిసిన ఇంజనీరుతో ముందు తనిఖీ చేయించండి. పాత ఇళ్ల జాబితా తయారు చేయించండి. అంతవరకు కూల్చివేతలు ఆపమని ఆదేశం ఇవ్వండి. మా ఇంటి దస్తావేజులు, మేస్త్రీ ఇచ్చిన రిపేరు అంచనా తీసుకుని ఎప్పుడు రమ్మన్నా వస్తాను.

ఇట్లు,
ఒక భీమిలి వాసి