రెక్క కింద తప్పు గీత

మా షాపులో ట్రైనర్ విమానం కిట్, అంటే కొత్తవాళ్లు నేర్చుకోవడానికి రిమోట్‌తో ఎగరేసే ఫోమ్ బొమ్మ విమానం కిట్ కొన్న అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు నమస్తే.

దసరా తర్వాత కొన్నవాళ్లు ముందుగా ఒక పని చేయండి. స్కేలు తీసుకుని రెక్క వెడల్పు కొలవండి, ముందంచు నుంచి వెనకంచు దాకా. 220 మిల్లీమీటర్లు వస్తే అది పాత స్టాకు, మీకేం భయం లేదు. 180 వస్తే మాత్రం ఆ విమానాన్ని ఈ ఆదివారం ఎగరేయకండి. రెక్క కింద నీలం మార్కర్‌తో నేను పెట్టిన బ్యాలెన్స్ గీత తప్పు. అలాంటి కిట్లు 23 అమ్మాను. కొన్ని ఇప్పటికే కూలిపోయాయి. కూలినప్పుడు అది మీ చేతి తప్పని మీకు చెప్పింది కూడా నేనే. కాదు, తప్పు నాది.

ఎలా జరిగిందో దాచకుండా చెప్తాను. నేను తెప్పించే ఫోమ్ షీటు 20 అంగుళాలకి 30 అంగుళాలు. మిల్లీమీటర్లలో 508కి 762. రెక్క తయారు చేయాలంటే షీటును మడిచి అతికించాలి, అందుకని వెడల్పుకి రెట్టింపు ముక్క కావాలి. 220 రెక్కకి ఒక్కో పక్కకి 440, రెండు పక్కలకి 880. ఒక షీటులో పట్టదు. ప్రతి కిట్‌కీ రెండో షీటు కోయాల్సి వచ్చేది, మిగిలిన ముక్కలు మూలన పేరుకుపోయేవి. దసరా ముందు ఒక రాత్రి షట్టర్ దించుకుని లెక్క వేశాను. రెక్కను 180కి తగ్గిస్తే రెండు పక్కలకీ కలిపి 720. ఒకే షీటులో వచ్చేస్తుంది, కిట్‌కి వంద రూపాయలు మిగులుతాయి. నేనే పెద్ద ఇంజనీర్ అయిపోయినట్టు ఆ రాత్రి మా ఆవిడని నిద్ర లేపి మరీ చెప్పాను.

ఇక గీత సంగతి. విమానం బరువు సరిగ్గా ఎక్కడ నిలవాలో చెప్పేదే ఆ గీత. మేమంతా సీజీ అంటాం, అంటే సెంటర్ ఆఫ్ గ్రావిటీ. మామూలు ట్రైనర్‌కి అది రెక్క వెడల్పులో ముందు నుంచి 25, 30 శాతం మధ్య ఉండాలి. పాత రెక్కకి 66 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా 30 శాతం. దాని కోసం 66 మిల్లీమీటర్లకి కోసిన అట్టముక్క ఒకటి నా బల్ల పక్కన మేకుకి వేలాడుతూ ఉండేది. రెక్కకి ఆనించడం, గీత గీయడం, అంతే. రెక్క మార్చాను. అట్టముక్క మార్చలేదు. 180 రెక్కకి అదే 66 అంటే 36 శాతం దాటిపోయింది, అంటే బరువు తోక వైపు జరిగిపోయింది.

మరి అమ్మే ముందు ఎగరేసి చూడలేదా అని అడుగుతారు. చూశాను. బాగానే ఎగిరింది. కానీ దానికి నా పాత పెద్ద మోటారు బిగించాను, ముక్కు బరువుగా ఉంది. పైగా నేను గీత చూడనే లేదు. పదేళ్ల అలవాటు కదా, రెండు వేళ్ల మీద ఎత్తాను, ముక్కు కాస్త వాలింది, సరే అనుకున్నాను. కొత్తగా నేర్చుకునేవాళ్లకి వేళ్ల మీద అంచనా ఉండదు, వాళ్లకి నేను గీసిన గీతే దిక్కు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

మొదటి ఫోన్ సూర్యాపేట నుంచి వచ్చింది. ఒక అక్క, వాళ్ల బాబుకి పుట్టినరోజుకి కొన్నారు. "విసరగానే నిట్టనిలువుగా లేచి పడిపోయిందన్నా" అన్నారు. "మొదటిసారి అందరికీ అంతే అక్కా, కంప్యూటర్‌లో ఎగరేసే సిమ్యులేటర్ మీద పది రోజులు ప్రాక్టీస్ చేయించండి" అని చెప్పి, విరిగిన ప్రొపెల్లర్ బదులు కొత్తది డబ్బులు తీసుకునే పంపాను. రెండో ఫోన్ దేవరకొండ దగ్గర కరెంటు పని చేసే తమ్ముడిది. అతనికీ అదే పాఠం. మా హాబీలో ఇదో జబ్బు. ఏది కూలినా ముందు వేలు ఎగరేసినవాడి వైపే చూపిస్తాం. పదిలో తొమ్మిదిసార్లు అది నిజమే కాబట్టి పదోసారి ఎవరూ వెతకరు.

పదోసారి మా ఫీల్డులోనే, నా కళ్ల ముందే జరిగింది.

మా క్లబ్బు గురించి కొత్తవాళ్లకి రెండు ముక్కలు. క్లబ్బు అంటే బోర్డు, ఆఫీసు ఏమీ లేవు. ఎనిమిది మందిమి. రిటైరైన లెక్కల సారు ఒకరు, రైస్ మిల్లులో పని చేసే అన్న, ఇద్దరు బీటెక్ పిల్లలు, ఒక నర్సమ్మ, మిగతా మాలాంటి షాపులవాళ్లు. మునుగోడు రోడ్డు వైపు ఒక పెద్దాయన చెలక ఉంది. పత్తి ఏరడం అయిపోయి కట్టె పీకేశాక మృగశిర దాకా మమ్మల్ని ఎగరేసుకోనిస్తాడు. మృగశిర పడితే చెలక ఆయనది, మేము షాపులో కూర్చుని విరిగినవి అతికించుకుంటాం. అద్దె అడగడు. ఒకటే షరతు, బర్రెలు బెదరకూడదు. పొద్దున ఆరున్నరకి చేరతాం, గాలి లేవక ముందు. ఎనిమిది దాటితే నేల వేడెక్కి, గద్దలు రెక్క ఆడించకుండా గుండ్రంగా పైకి తేలుతూ కనిపిస్తాయి. వాటికి అది పండగ. ఫోమ్ విమానానికి మాత్రం కుదుపులే. అప్పుడు సర్దేస్తాం. చుట్టూ బత్తాయి తోటలు, గట్ల మీద సర్కారు తుమ్మ. విమానం తుమ్మలో పడితే రెక్కకి చిల్లులు, తెచ్చేవాడి చేతులకి గీరలు.

దారిన పోయేవాళ్లు ఆగి అడుగుతూనే ఉంటారు. మొన్న ఒకాయన బండి ఆపి, "ఏంది సారూ, రింగు రోడ్డు సర్వేనా?" అని గట్టిగానే అడిగాడు. కాదని నమ్మించడానికి ఆయన చేతికే రిమోట్ ఇవ్వాల్సి వచ్చింది. వెళ్లేటప్పుడు ధర కూడా అడిగి వెళ్లాడు.

సరే, ఆ ఆదివారం. మిర్యాలగూడ నుంచి ఒక డిగ్రీ తమ్ముడు తెల్లారుజామున బస్సెక్కి వచ్చాడు. విమానాన్ని పాత దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ట్యూషన్లు చెప్పిన డబ్బులతో కొన్నాడట. జిగురు పని ఎంత శుభ్రంగా చేశాడంటే, నా షాపులో పెట్టుకునేదానికన్నా నీటుగా ఉంది. చెకింగ్ అంతా చేశాం. రిమోట్ మీది కర్ర కుడికి వంచితే కుడి ఎయిలరాన్, అంటే రెక్క వెనకంచున కదిలే పలక, పైకి లేస్తోంది, సరే. రిమోట్ సిగ్నల్ అందే రేంజ్ సరే. గీత మీద రెండు వేళ్లు పెట్టి ఎత్తితే విమానం తక్కెడలా సమంగా నిలిచింది, సరే. నిలుస్తుంది మరి, ఆ గీతకే కదా అతను బ్యాటరీ సర్దుకున్నది.

నేను విసిరాను, రిమోట్ అతని చేతిలో. విమానం మూడు గజాలు పోయిందో లేదో ముక్కు ఎత్తింది. అతను కిందికి నొక్కాడు, బుర్రున కిందికి వంగింది. మళ్లీ కాస్త లాగగానే మొదటికన్నా నిటారుగా లేచింది. గాలిలో ఒక్క క్షణం అలా వేలాడి, ఎడమ రెక్క వాల్చేసి, గిరగిరా తిరుగుతూ బత్తాయి చెట్ల మీద పడింది. నా నోట్లోంచి ఎప్పటి మాటే వచ్చింది. "తమ్ముడూ, ఎలివేటర్ ఎక్కువ లాగినవ్." ఎలివేటర్ అంటే ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక.

"నేను లాగలేదన్నా. అదే లేసింది."

గొంతు వణుకుతోంది, కానీ మాట మార్చలేదు. నేను ఇంకేదో అనబోతుంటే లెక్కల సారు విమానం తెచ్చి బండి సీటు మీద పెట్టారు. జేబులోంచి ఆరంగుళాల స్టీలు స్కేలు తీశారు. ఆయన జేబులో అది ఎప్పుడూ ఉంటుంది, సర్వీసులో ఉన్నప్పటి అలవాటట. స్కేలు రెండుసార్లు జరిపి వెడల్పు కొలిచారు. గీత కొలిచారు. అరచేతి మీద పెన్నుతో 66, దాని కింద 180 రాశారు. నా వైపు తిరిగి, "ఎంత శాతమయ్యా?" అని తరగతిలో అడిగినట్టు అడిగారు. నాకు అక్కడే చెమటలు పట్టాయి.

తోక బరువైతే ఏమవుతుందో మీకూ తెలియాలి. బరువు ముందుకి ఉంటే, ముక్కు కాస్త లేచినా విమానం దానంతట అదే సర్దుకుంటుంది. వెనక్కి జరిగేకొద్దీ ఆ గుణం పోతుంది, ఎలివేటర్ వెంట్రుకవాసి కదిపినా పెద్దగా తిరగబడుతుంది. ముక్కు బరువైన విమానం సరిగా ఎగరదు, తోక బరువైంది ఒక్కసారే ఎగురుతుంది అని ఎగరేసేవాళ్లు ఊరికే అనరు. పైగా రెక్క వైశాల్యం 18 శాతం తగ్గింది, బరువు మాత్రం దాదాపు అంతే ఉంది. అంటే ఇంకా వేగంగా పోతే తప్ప నిలవదు. అలాంటిది పదేళ్ల పిల్లాడి చేతిలో పెట్టి ప్రాక్టీస్ చేయమన్నాను.

అదృష్టం కొద్దీ ఆ రోజు ప్రొపెల్లర్, కుడి రెక్క చివర తప్ప ఏం విరగలేదు. టేపు చుట్టాం. బ్యాటరీని ముక్కు దాకా తోశాం, చాల్లేదు. సారు స్కూటర్ టూల్ కిట్‌లోని నట్లు నాలుగు మోటారు వెనక అతికించాం. ముందంచు నుంచి 48 దగ్గర వేళ్లు పెట్టి ఎత్తితే సమంగా నిలిచింది. ఈసారి తమ్ముడు విసరమన్నప్పుడు నా చేయి వణికింది, నిజం. నాలుగు నిమిషాలు ఎగరేశాడు. దింపేటప్పుడు కొయ్యకాళ్లకి తగిలి బోర్లా పడింది. అది మాత్రం అతని తప్పే, అతనే ఒప్పుకున్నాడు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. 180 రెక్క ఉన్న ప్రతి ఒక్కరికీ పాత కొలతతో 220 రెక్క, సరైన గీతతో, ఊరికే ఇస్తాను. నల్లగొండకి రాగలిగినవాళ్లు ప్రకాశం బజార్ షాపుకి రండి. రాలేనివాళ్లకి ఆర్టీసీ కార్గోలో పంపుతాను, ఖర్చు నాది. బిల్లు అడగను. గీత ఫోటో పంపితే చాలు, నా చేతిరాత నాకు తెలుసు. కూలిపోయి మోటారు షాఫ్టు వంగినా, సర్వో (ఆ పలకల్ని కదిపే చిన్న మోటారు) పళ్లు అరిగినా అవి కూడా నావే. ప్రొపెల్లర్లకి తీసుకున్న డబ్బులు నిన్నే వెనక్కి వేశాను. రెక్క వచ్చేదాకా ఆగలేకపోతే 45, 48 మధ్య కొత్త గీత పెట్టుకోండి. గాలాల షాపులో దొరికే సీసం 30, 40 గ్రాములు ముక్కులో పెట్టి ఆ గీతకి సమం చేసుకోండి. అలా ఎగురుతుంది, కాకపోతే కాస్త జోరు మీదే దింపాలి. నేర్చుకునేవాళ్లు మాత్రం ఆగడమే మంచిది.

రెండు షీట్లు వాడుతున్నాను కాబట్టి కొత్త కిట్ ధర 100 రూపాయలు పెరుగుతుంది. అట్టముక్క చించేశాను. ఇక ప్రతి రెక్కనీ మడిచాక కొలిచి, గీత పక్కన వెడల్పు, దూరం రెండూ రాసి సంతకం పెడతాను. నన్ను నమ్మకండి, ఇంట్లో మళ్లీ కొలుచుకోండి.

పనిలో పని ఇంకో రెండు మాటలు. ఎండాకాలం వస్తోంది, నల్లగొండ ఎండ సంగతి చెప్పక్కర్లేదు. విమానం లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని కారులోనో, బండి డిక్కీలోనో వదలకండి. వాడని రోజుల్లో సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచండి, 4.2కి నింపి వారాల తరబడి పెట్టకండి. ఉబ్బినదాన్ని మళ్లీ చార్జింగ్ పెట్టొద్దు, నాకు తెచ్చివ్వండి. పాత బైక్ చార్జర్‌తో నడిపిస్తామనే తమ్ముళ్లకి ఇకపై బ్యాటరీ అమ్మను, కోపం తెచ్చుకున్నా సరే. బయటి దేశం నుంచి తయారైన డ్రోన్ తెప్పించమని ఫోటోగ్రాఫర్ అన్నలు అడుగుతున్నారు. 2022 ఫిబ్రవరి నుంచి ఆ దిగుమతి నిషేధం, విడిభాగాలకే అనుమతి ఉంది. నా వల్ల కాదు. ఎక్కడ ఎగరేసినా ముందు ప్రభుత్వం వారి డిజిటల్ స్కై మ్యాప్‌లో అది గ్రీన్ జోన్ (ముందు అనుమతి అక్కర్లేని చోటు) అవునో కాదో చూసుకోండి, అక్కడ కూడా 400 అడుగులు దాటొద్దు.

సూర్యాపేట అక్కకి నిన్న నేనే ఫోన్ చేసి జరిగింది చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోపలికి వెళ్లి బాబుని అడిగి వచ్చారు. విరిగిన రెక్కతో వాడు వరండాలో పిచ్చుకలకి గూడు కట్టాడట. కొత్త రెక్క పంపమన్నాడు, పాతది మాత్రం ఇవ్వనన్నాడు.